మన పొయ్యి కథ: మూడు రాళ్ల నుంచి మూడు సిలిండర్ల దాకా



ఏటా ఈ నివేదికలో పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత, వసూలు ఎంత అని లెక్కలు రాసుకుంటాం. ఏ లెక్కలోకీ రానిది ఒకటుంది. అది మన పొయ్యి. సమావేశంలో "గ్యాసు ఎవరికుంది?" అని అడిగితే అందరం చేతులెత్తుతాం. "పెరట్లో కర్రల పొయ్యి కూడా ఎవరికుంది?" అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వుకుని, మళ్లీ అవే చేతులు ఎత్తుతాం. టీ, కూర గ్యాసు మీద. అన్నం, వేడినీళ్లు, ధాన్యం ఉడకబెట్టడం, పశువుల కుడితి, పండగ పిండివంటలు కర్రల మీద. గ్యాసు వచ్చి పాతికేళ్లయినా ఆ పొయ్యి మనల్ని వదల్లేదు, మనమూ దాన్ని వదల్లేదు.

వదలనప్పుడు దాని సంగతి తెలుసుకోవాలి కదా. మన పొయ్యిని బాగుచేస్తామని ఇన్నేళ్లలో ఎందరో వచ్చారు. ఎవరు వచ్చారో, ఏం చేశారో, అందులో నిలిచిందేమిటో, నిలవనిదేమిటో ఈ వ్యాసంలో చెప్పుకుందాం. ఎందుకంటే ఆ పొయ్యి ముందు కూర్చున్నది మన అమ్మలు, అమ్మమ్మలు. ఇప్పుడు మనం.

మూడు రాళ్లు, మట్టి పొయ్యి

అన్నిటికన్నా పాతది మూడు రాళ్ల పొయ్యి. మధ్యలో కర్రలు, పైన కుండ. పొలంలో, తోటలో, జాతరలో ఇప్పటికీ అదే వేస్తాం. గాలి ఏ పక్క నుంచి కొట్టినా మంట ఆ పక్కకి ఒరిగిపోతుంది, వేడిలో ఎక్కువ భాగం కుండకి అందకుండానే పోతుంది.

దాని తర్వాతది మట్టి పొయ్యి. మూడు పక్కలా గోడ, ముందు ఒక నోరు, పైన కుండ ఆనడానికి మూడు గడ్డలు. పుట్టమన్ను, పేడ, ఊక కలిపి తొక్కి, చేత్తో రుద్ది వేసేవారు. ప్రతి రోజూ అలికి, ముగ్గు పెట్టి, అప్పుడు వెలిగించేవారు. గాలికి మంట చెదరదు కాబట్టి కర్ర కొంత ఆదా. పాలు కాగడానికి పక్కనే దాలి, అందులో పిడకల సెగ. ఇవన్నీ ఏ ఇంజనీరూ నేర్పలేదు. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకున్నారు.

ఆ పొగకి కూడా ఒక పని ఉండేది. తాటాకు కప్పుకి పురుగు పట్టకుండా, పొయ్యి పైన వేలాడగట్టిన మొక్కజొన్న పొత్తులూ విత్తనాలూ పాడవకుండా అది కాపాడేది. అందుకని పొగ అంటే మన పెద్దవాళ్లకి పూర్తిగా శత్రువు కాదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

కర్ర కొరత ఎలా వచ్చింది

మనకి పడమటి వైపు మన్యం కొండలు. అక్కడ ఎండుకర్ర ఏరుకోవడం ఒకప్పుడు ఎవరూ అడగని పని. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవి భాగాలు రిజర్వు అయ్యాయి. పోడు కొట్టడానికీ, కలప తేవడానికీ, పశువుల్ని మేపడానికీ హద్దులు పడ్డాయి. మన్యంలో అల్లూరి సీతారామరాజు గారి వెనక జనం నడవడానికి ఆ కోపం కూడా ఒక కారణం. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడితో ఆ పోరాటం మొదలైందని మనందరికీ తెలుసు. దాని వెనక పోడు, వెట్టి చాకిరీతో పాటు అడవి మీద హక్కు పోయిన బాధ ఉందన్నది మనం అంతగా చెప్పుకోం.

జనం పెరిగారు, అడవి తగ్గింది. మోపు కోసం నడిచే దూరం పెరిగింది. పొద్దున్న వెళ్లిన ఆడమనిషి మధ్యాహ్నానికి తల మీద మోపుతో దిగేది. ఇప్పుడు మన పొయ్యిలోకి ఎక్కువగా వచ్చేది కొండ కర్ర కాదు. జీడిమామిడి కొమ్మలు, సరుగుడు, జామాయిలు, కందికంప, కొబ్బరి మట్టలు. బెల్లం వండే గానుగల దగ్గర అయితే చెరకు పిప్పే వంటచెరకు. చెరకు రసం తీసిన పిప్పిని ఎండబెట్టి, దాంతోనే ఆ రసాన్ని కాచడం మన చోడవరం, అనకాపల్లి వైపు రైతులకి పాత విద్య.

పొగ లేని పొయ్యి పుట్టింది

పొయ్యిని బాగుచేయాలన్న ఆలోచన కూడా మొన్నటిది కాదు. గాంధీగారు 1934లో పెట్టిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం వార్ధాలోని మగన్‌వాడి నుంచి పనిచేసేది. అక్కడ తయారైన పొయ్యికి మగన్ చుల్హా అని పేరొచ్చింది. మన తెలుగునాట ఆ పని చేసింది హైదరాబాదులోని ఇంజనీరింగ్ పరిశోధనాలయం. దాని డైరెక్టర్ డాక్టర్ ఎస్.పి. రాజు గారు మట్టితోనే, ఊళ్లో దొరికే సామానుతోనే పొగ లేని పొయ్యి చేసి చూపించారు. 1953లో 'స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్' అని చిన్న పుస్తకం రాశారు. కోట్ల ఇళ్లకి పొగ లేని వంటిళ్లు అని దాని అర్థం. అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఇంకా ఏర్పడలేదు.

ఆ పొయ్యి పనిచేసే తీరు సులువే. కర్ర ఒకే నోట్లోంచి పెడతాం. మంట మొదటి గిన్నె కింద మండుతుంది. అక్కడ మిగిలిన వేడి మట్టి సొరంగంలోంచి రెండో గిన్నె కిందకి పోతుంది. చివర గొట్టం. వేడి గాలి తేలిక కాబట్టి గొట్టంలో పైకి లేస్తుంది. అది లేస్తూ వెనక నుంచి కొత్త గాలిని పొయ్యి నోట్లోకి లాగుతుంది. అందుకే ఊదుగొట్టంతో బుగ్గలు నొప్పెట్టేలా ఊదే పని తప్పుతుంది. ఒక మంటతో రెండు వంటలు, పొగ ఇంటి బయటికి. ఆలోచన బంగారం లాంటిది.

కోట్ల పొయ్యిలు ఏమయ్యాయి

1983లో కేంద్ర ప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. అది 2002 దాకా నడిచింది. దేశమంతటా మూడు కోట్లకు పైగా పొయ్యిలు వేశారు. మన రాష్ట్రంలో సంప్రదాయేతర ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ ఈ పని చూసేది. మనలో యాభై దాటినవాళ్లలో కొందరికి గుర్తుండే ఉంటుంది: రెండు కన్నుల పొయ్యి, సిమెంటు గొట్టం, వేయడానికి శిక్షణ పొందిన మనిషి, సబ్సిడీ.

మరి ఆ మూడు కోట్ల పొయ్యిలు ఇప్పుడెక్కడ? చాలా వాటి ఆయుష్షు ఒకటి రెండేళ్లే. ఎందుకంటే:

కన్నుల కొలత కాగితం మీది కొలత. ఇంట్లో గుండిగ పెద్దది, డాక వెడల్పు. గిన్నె కన్నులో కూర్చోకపోతే సందుల్లోంచి పొగ మళ్లీ ఇంట్లోకే వచ్చేది.

పొయ్యి నోరు చిన్నది, మన దగ్గరున్న కర్ర లావు. కర్రని చీల్చే తీరిక లేక కొందరు పొయ్యి నోరే పగలగొట్టి పెద్దది చేశారు. అక్కడితో గాలి లెక్క చెడిపోయింది.

ఒక్క గిన్నెతో వంటయ్యే రోజు రెండో కన్ను మూత లేకుండా ఉండిపోయేది. పొగ గొట్టం దాకా పోకుండా అక్కడే పైకి వచ్చేది.

గొట్టంలో మసి పేరుకుంటే దులపాలని వేసినవాళ్లు చెప్పలేదు, చెప్పినా ఒక్కసారే చెప్పారు. మసి మూసుకుపోయిన గొట్టం ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

గొట్టం పెట్టిన చోట వాన నీళ్లు కారాయి. పొగ పోయింది కాబట్టి తాటాకులో పురుగు పడింది. పొగకి ఉన్న పాత పని గురించి ముందు చెప్పుకున్నాం కదా, దాని గురించి ఎవరూ అడగలేదు.

అన్నిటికన్నా పెద్ద కారణం ఇంకొకటి. ఎన్ని వేశామన్నది లెక్క రాశారు. ఎన్ని మండుతున్నాయన్నది రాయలేదు. సంఘం పెట్టించిన లెక్క ఒకటి, సంఘం నడుస్తున్న లెక్క ఒకటి అని మనకి తెలుసు. పొయ్యికీ అంతే.

మన పక్క రాష్ట్రం ఒడిశాలో గ్రామ్ వికాస్ అనే సంస్థ గొట్టం ఉన్న పొయ్యిలు వేయించింది. రేమా హన్నా, ఎస్తేర్ డఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు 44 గ్రామాల్లో సుమారు 2,600 కుటుంబాలను నాలుగేళ్ల పాటు గమనించారు. మొదటి ఏడాది ఆడవాళ్లు పీల్చే పొగ తగ్గింది. ఆ తర్వాత తేడా లేకుండా పోయింది. పొయ్యి వాడకం తగ్గింది, పగుళ్లు పూడ్చలేదు, గొట్టం దులపలేదు. కర్ర కూడా పెద్దగా ఆదా కాలేదు. పొయ్యి వేయడం ఒక్కరోజు పని, చూసుకోవడం రోజూ పని. ఆ నాలుగేళ్ల పరిశీలన చెప్పింది ఇదే.

పొగ కడుపులోకి పోయేది కాదు, ఊపిరిలోకి

"మా అమ్మ ఎనభై ఏళ్లు బతికింది, పొగేం చేసింది?" అని మనలో చాలామంది అంటాం. బతికిన అమ్మే మనకి కనిపిస్తుంది. దగ్గుతూ తొందరగా పోయిన అమ్మల్ని "ఆయాసం" అని చెప్పి మర్చిపోతాం.

2000 తర్వాత, రాష్ట్రం విడిపోక ముందు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల గ్రామాల్లో 420 ఇళ్లలో చెన్నై శ్రీ రామచంద్ర వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ కల్పనా బాలకృష్ణన్ బృందం గాలి కొలిచింది. గ్యాసు వాడే ఇళ్లలో రోజంతటి సగటు సన్నధూళి ఘనపు మీటరుకి 73 మైక్రోగ్రాములు. కర్ర, పిడక వాడే ఇళ్లలో అది 732 దాకా ఉంది. అంటే పదింతలు. అందరిలోకీ ఎక్కువ పీల్చేది వంట చేసే మనిషే. ఆమె చంకలో ఉన్న బిడ్డకీ వాటా తప్పదు.

పిల్లల్లో న్యుమోనియా, పెద్దవాళ్లలో తగ్గని ఆయాసం, గుండెజబ్బు, పక్షవాతం, కంటి శుక్లాలు ఇంటి పొగతో ముడిపడినవని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇంటి పొగ వల్ల సుమారు 32 లక్షల మంది అకాలంగా చనిపోయారని దాని అంచనా. అప్పు కట్టలేని సభ్యురాలి ఇంటికి వెళ్తే చాలాసార్లు ఆసుపత్రి ఖర్చే కారణంగా వినిపిస్తుంది. అందుకే పొయ్యి మాట సంఘం మాటే అంటున్నాం.

దీపం నుంచి దీపం దాకా

1999 జూలైలో మన రాష్ట్రంలో దీపం పథకం మొదలైంది. డ్వాక్రా సంఘాల ఆడవాళ్ల పేరు మీద గ్యాసు కనెక్షన్ ఇచ్చారు, డిపాజిట్ ప్రభుత్వం కట్టింది. దేశమంతటా ఉజ్జ్వల రావడానికి అది దాదాపు 17 ఏళ్ల ముందు మాట. 2016 మే 1న ఉజ్జ్వల మొదలైంది. 2024 దీపావళి నుంచి మన రాష్ట్రంలో దీపం-2 కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం.

గ్యాసు మన ఊపిరికి చేసిన మేలు చిన్నది కాదు. ఆడమనిషి పేరు మీద ఒక పుస్తకం, ఒక కనెక్షన్ రావడం కూడా చిన్న సంగతి కాదు. కాని కనెక్షన్ ఒక్కసారే, సిలిండరు మళ్లీ మళ్లీ. కూలి డబ్బు రోజుకింత వస్తుంది. సిలిండరు డబ్బు ఒకేసారి కట్టాలి. మూడు సిలిండర్లతో ఏడాది పొడవునా రెండు పూటలా అన్నం, నలుగురికి వేడినీళ్లు కావు. కర్ర మాత్రం పెరట్లో, గట్టు మీద డబ్బు లేకుండా దొరుకుతుంది. అందుకే రెండు పొయ్యిలూ పక్కపక్కనే ఉన్నాయి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. దానికి పెట్టే ఖర్చు కూలి లెక్కలో సరిపోయేదే.

2014 అక్టోబరు 12 ఎవరమూ మర్చిపోలేదు. హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. చెట్లు కూలాయి, కరెంటు స్తంభాలు ఒరిగాయి, దారులు మూసుకుపోయాయి. అలాంటి రోజుల్లో కూడు వండిపెట్టేది కర్రల పొయ్యే. అప్పుడు ఎవరింట్లో పొడి కర్ర గొడుగు కింద ఉందో వాళ్లే ముందు వండుకుంటారు.

మాడుగుల హల్వా చెప్పే మాట

కర్రల పొయ్యి వెనకబడినవాళ్ల పొయ్యి అనుకునేవాళ్లకి మన ఊళ్లోనే జవాబుంది. మాడుగుల హల్వాకి నూరేళ్లు దాటిన పేరు. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ పాలని నిలవ ఉంచి, చక్కెర, నెయ్యి వేసి కలుపుతూ కాచే ఆ మిఠాయిని ఇప్పటికీ కర్రల మంట మీదే చేస్తారు. అక్కడ పొయ్యి ముందు ఉన్న మనిషి కర్ర ఎప్పుడు తొయ్యాలో, ఎప్పుడు వెనక్కి లాగాలో, ఎప్పుడు నిప్పు సెగ చాలునో చూస్తూనే ఉండాలి. మంట ఎగిస్తే అడుగంటుంది, తగ్గితే బిగుసుకోదు.

ఆ మంటని అలా చూసుకోవడానికి మనిషి ఉన్నాడు, దానికి జీతం ఉంది, పేరు ఉంది. మన ఇంట్లో అదే విద్యకి జీతం లేదు, పేరు లేదు, పక్కన నిలబడి చూసుకునే తీరికా లేదు. పొయ్యిల్లో తేడా లేదు. పొయ్యి ముందున్న మనిషికిచ్చే విలువలోనే తేడా.

ఇన్నేళ్ల కథ నేర్పినవి

పొయ్యి కొత్తగా వేసుకునేవాళ్లూ, ఉన్నది బాగుచేసుకునేవాళ్లూ ఇవి గుర్తుంచుకుంటే పాత తప్పులు మళ్లీ జరగవు.

పొయ్యికి ముందు గిన్నె కొలవండి. రోజూ అన్నం వండే గిన్నె ఏదో అదే కన్ను కొలత. పొయ్యి వేసే మనిషి ఎవరైనా సరే, వంట చేసే మనిషి పక్కన లేకుండా మట్టి పెట్టనివ్వకండి.

మట్టి పూర్తిగా ఆరాకే వెలిగించండి. పది పదిహేను రోజులు నీడలో ఆరనిచ్చి, మొదట చిన్న పుల్లలతో సన్న మంట పెట్టండి. పచ్చి పొయ్యి మీద పెద్ద మంట పెడితే పగులుతుంది. పగులు కనిపించిన రోజే మట్టి, పేడతో పూడ్చండి.

గొట్టం ఇంటి కప్పు దాటి రెండు మూడు అడుగులు పైకి ఉండాలి. పొట్టిగా ఉంటే గాలి కొట్టినప్పుడు పొగ వెనక్కి వస్తుంది. తాటాకు, గడ్డి, వెదురు ఏదీ వేడి గొట్టానికి తగలకూడదు. తగిలే చోట చుట్టూ ఖాళీ వదిలి రేకు కట్టించండి. కప్పు మీద వాన కారకుండా గొట్టం చుట్టూ కట్టుదిట్టం చేయించండి.

నెలకొకసారి మసి దులపండి. వెదురుకి గోనె గుడ్డ కట్టి పై నుంచి కిందకి తీస్తే చాలు. పొయ్యి చల్లారాకే చేయండి. సొరంగంలో పేరుకున్న బూడిద కూడా తీయండి. రెండో కన్ను మీద ఎప్పుడూ గిన్నెగానీ మూతగానీ ఉండాలి.

పచ్చి కర్ర పెట్టకండి. పచ్చి కర్ర బరువులో సగం దాకా నీరే. ఆ నీరు ఆవిరయ్యే దాకా మంట మీకు పని చేయదు, నీటికి పని చేస్తుంది. పొగ అంటే మండకుండా పోయిన కర్రే. సన్నగా చీల్చి, నేల మీద కాకుండా రాళ్ల మీద పేర్చి, పైన రేకు కప్పి, వానలు మొదలవక ముందే ఎండబెట్టుకోండి. రెండు కర్రలు ఒకదానికొకటి కొట్టి చూడండి. టక్కుమని మోగితే ఎండినట్టు, దబ్బుమంటే ఇంకా పచ్చి.

కర్రల కింద గాలి ఆడేలా ఇనుప ఊచల జల్లెడ పెట్టుకుంటే మంట శుభ్రంగా మండుతుంది. మూత పెట్టి వండితే కర్ర తక్కువ పడుతుంది. గొట్టం లేని పొయ్యి అయితే ఇంట్లో వద్దు, పెరట్లో పందిరి కింద పెట్టుకోండి. చలికాలం నిప్పుల కుంపటి తలుపులు మూసిన గదిలో పెట్టుకుని మాత్రం పడుకోకండి. నిప్పుల నుంచి వచ్చే కనపడని, వాసన లేని వాయువు నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

గర్భిణి, బాలింత, పసిబిడ్డ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో మొత్తం వంట గ్యాసు మీదే చేయాలి. ఆ నెలల్లో సిలిండరుకి డబ్బు లేకపోతే సంఘం అంతర్గత అప్పు ఇవ్వాలి. దాన్ని ఖర్చు అనకండి, ఆసుపత్రి ఖర్చు తప్పించే పెట్టుబడి అనండి.

మనం చేయాల్సింది

వార్ధాలో గాంధీగారి మనుషులు, హైదరాబాదులో రాజు గారు, ఢిల్లీలో ప్రభుత్వం, అందరూ మన మంచే కోరారు. పొయ్యిలు మంచివే ఇచ్చారు. కాని వేసి వెళ్లిన మర్నాటి నుంచి ఆ పొయ్యిని చూసుకునే పని ఎవరిదో తేల్చలేదు. పొదుపు సంఘం మాత్రం మర్నాడు కూడా ఊళ్లోనే ఉంటుంది. వచ్చే నెలా అదే చాప మీద కూర్చుంటుంది. ఏ పథకానికీ లేని బలం మనకున్నది అదొక్కటే.

అందుకని ప్రతి గ్రామ సమాఖ్యా నెలవారీ సమావేశంలో పొదుపు వసూలయ్యాక ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాం: "ఈ నెల గొట్టం దులిపారా?" దులపలేనివాళ్లు ఉంటే, ఒంటరి మనుషులు ఉంటే, ఇద్దరు సభ్యులు వెళ్లి దులిపి రావాలి. జవాబుని మినిట్స్ పుస్తకంలో ఒక్క వరుస రాయాలి. పొయ్యిలు ఎన్ని అని కాదు, ఎన్ని పొగ లేకుండా మండుతున్నాయి అని. వచ్చే ఏడాది ఈ నివేదికలో బ్యాంకు లింకేజీ పట్టిక పక్కనే ఆ పట్టిక కూడా వేసుకుందాం.